గీటురాయికి అందని తీగ

చెబితే నవ్వుతారు గానీ, పులివెందులలో మా మరిది స్పీకర్లకని రెండు మీటర్ల తీగ 40 వేలకు మాట్లాడి తెచ్చాడు, నచ్చితేనే డబ్బులన్న షరతు మీద. కొత్త పెనాన్ని ఉల్లిపాయతో రుద్ది పదును చేసినట్టు, దాంట్లో 100 గంటలు పాటలు పారితే గానీ పదును రాదట! మా తోడికోడలు నోరు మెదపలేదు. అది పాప కాలేజీ ఫీజుకని దాచిన డబ్బు మరి.

ప్రొద్దుటూరు బంగారు అంగట్లో ముక్కుపుడక కొన్నా గీటురాయి మీద గీసి చూపమంటాం కదా, దీనికి గీటురాయి ఏదీ? 2007లో అమెరికాలో ఇంద్రజాలికుడు జేమ్స్ రాండీ, 7,250 డాలర్ల స్పీకర్ తీగలకూ మామూలు వాటికీ తేడా చెవితో కనిపెడితే 10 లక్షల డాలర్లు ఇస్తానన్నారు. ఒక పత్రికా రచయిత సై అంటే, తీగల కంపెనీయే తప్పుకుంది!

జమ్మలమడుగు నుంచి మా మేనమామ వచ్చాడు. రేడియోలు బాగుచేసిన చెయ్యి. "అటు తిరిగి కూర్చో నాయనా, నేను తీగలు మారుస్తుంటా" అన్నాడు.

"ఇది పాతది... ఆఁ, ఇదిగో, ఇప్పుడు తేనె!" అన్నాడు మరిది.

"యాడ మార్చినాను? పొద్దున్నుంచీ పాత తీగే గదా ఉండేది!"

మా తోడికోడలు కొంగు నోటికడ్డం పెట్టుకుని వంటింట్లోకి పరుగెత్తింది. సాయంత్రానికల్లా తీగ అంగడికి చేరింది.