పైరు నల్లబడితే పంట పండినట్లేనా?

వానాకాలంలో వేములవాడ నుంచి కోరుట్ల వెళ్లే బస్సులో కిటికీ పక్కన కూర్చుని చూడండి. కొన్ని మడులు లేత పచ్చగా, కొన్ని ముదురుగా కనిపిస్తాయి. ఆ ముదురు పచ్చనే మన రైతులు 'నల్లబడింది' అంటారు. పక్కవాడి మడి తన మడికంటే నల్లగా ఉందంటే ఇక నిద్ర పట్టదు. తెల్లారేసరికి ఇంకో సంచి యూరియా పడాల్సిందే!

ఆ నలుపు తెచ్చేది నత్రజని. 45 కిలోల యూరియా బస్తాలో అది 20 కిలోల పైచిలుకు ఉంటుంది. వరికి ఎకరానికి 40 నుంచి 48 కిలోల నత్రజని సరిపోతుందని శాస్త్రవేత్తల మాట. దుక్కిలో ఒక బస్తా డీఏపీ వేసినవారికి ఆపైన కావలసింది రెండు బస్తాల యూరియాకు మించదు. కానీ లెక్క ఎవరు చూస్తారు? సంచి ధర 266 రూపాయల 50 పైసలు. అసలు ఖర్చులో ఎక్కువ భాగం సర్కారే భరిస్తోంది. పొటాష్ కొనడానికి వెనకాడే చెయ్యి యూరియా దగ్గర వెనకాడదు. 2018లో 50 కిలోల సంచిని 45 కిలోలు చేసింది కూడా, సంచుల లెక్కన చల్లే అలవాటు చూసే.

చల్లినదంతా పైరుకు అందితే బాగానే ఉండును. నిలిచిన నీటిలో చల్లిన యూరియాలో వరి తీసుకునేది మూడో వంతు, మహా అయితే కాస్త ఎక్కువ. మిగిలినదాంట్లో కొంత అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది, కొంత నీటితోపాటు దిగిపోయి బావుల్లో నైట్రేటుగా చేరుతుంది. ఇక అతిగా నల్లబడిన పైరు మెత్తగా, రసంగా ఉంటుంది. సుడిదోమకు అంతకంటే విందు ఏముంది? అగ్గితెగులు కూడా అలాంటి మడినే వెతుక్కుంటుంది. గింజ పాలు పోసుకునేవేళ గాలివాన వస్తే చేను పడిపోతుంది. యూరియా చవకే, ఆ తర్వాత కొట్టే పురుగుమందు చవక కాదు.

పక్కనే రామగుండం ఉంది కదా, మనకేం కొరత అనుకుంటాం. అక్కడి పాత బొగ్గు ఆధారిత కర్మాగారం 1999లో మూతపడింది. గ్యాసుతో నడిచే కొత్తది 2021లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఏటా 12.7 లక్షల టన్నుల సామర్థ్యం. అయినా 2025 ఆగస్టులో తెలంగాణ అంతటా రైతులు చెప్పులు వరుసలో పెట్టి యూరియా కోసం పడిగాపులు కాశారు. సమయానికి సరుకు రాకపోవడం రైతు తప్పు కాదు. కానీ ఒక మడిలో అదనంగా పడిన సంచి, చిరుపొట్ట దశలో ఉన్న మరో మడికి అందని సంచి కూడా.

ఉన్నదాన్ని మూడు దఫాలుగా వేయాలి: నాటేముందు, పిలకలు వేసేటప్పుడు, చిరుపొట్ట దశలో. నాటిన తర్వాత వేసేటప్పుడు మడిలో నీళ్లు తీసేసి బురద పదునులో చల్లి, ఒకటిన్నర, రెండు రోజులకు మళ్లీ నీళ్లు పెట్టాలి.

ఎప్పుడు ఆపాలో చెప్పడానికి ఆకురంగు పట్టిక అని ప్లాస్టిక్ బద్ద ఒకటుంది. దానిమీద లేత నుంచి ముదురు దాకా పచ్చ రంగు గీతలుంటాయి. పొద్దున పూట, ఎండ తగలకుండా మన ఒంటి నీడలో, పది దుబ్బుల ఆకులు దానితో పోల్చాలి. ఆరింటి రంగు, వేసిన రకానికి చెప్పిన గీతకంటే లేతగా ఉంటేనే సంచి మూతి విప్పాలి.