సంఘపు యాపు ఎవరి పేర నుండవలెను?

వాటాధనము, అప్పుల వాయిదాలు, గిడ్డంగిలోని యెరువుల నిల్వ మున్నగువానిని సభ్యుల చేతి ఫోనునందే చూపు యాపును నిర్మింపజేయ నెంచు సహకార సంఘములకు మా యభిప్రాయమును మనవి చేయుచున్నాము.

ఆండ్రాయిడునకు, ఐఫోనునకు వేఱువేఱుగా వ్రాయించినచో వ్యయము పెరుగును. హైబ్రిడ్ పద్ధతియందు, వెబ్ పుటలను వ్రాయు భాషలలోనే యొక్కమారు వ్రాసి, ఆయా ఫోనులకు తగిన తొడుగును తొడుగుదురు. వేగమున నిట్టి యాపు కొంత వెనుకబడుట నిజము. ఫోనులలోని యాటలకది లోపమే. పద్దు చూచుకొను రైతున కంత తొందర యేమి?

మా యాందోళన వేఱు. విడుదలతో పని ముగిసినదని పలువురు తలంచుచున్నారు. గూగుల్ ప్లే ఖాతాకు 25 డాలర్లు ఒక్కమారు చెల్లించిన చాలును. ఆపిల్ వారికి ఏటేట 99 డాలర్లు చెల్లింపవలెను, మానినచో యాపు వారి యంగడినుండి తొలగును. ఆండ్రాయిడు కొత్త కూర్పులకు తగినట్లు సవరింపని యాపు, కొంతకాలమునకు కొత్త ఫోనులు కొన్నవారికి కనబడనే కనబడదు. కావున ఏటేటి పోషణకు బడ్జెటులో వేఱొక పద్దుండవలెను.

ఉపకరణములును శాశ్వతములు కావు. ఫోన్‌గ్యాప్‌ను నిర్మించిన నిటోబి సంస్థను 2011లో అడోబీ కొని, మూలమును అపాచీ సంస్థ కప్పగించినది. 2020లో ఫోన్‌గ్యాప్‌ను విరమించినది. ఆ మూలము కార్డోవా యను పేర అందఱికిని అందుబాటున నుండుటచేతనే దానిపై కట్టిన యాపులకు దారి మిగిలినది.

మన మూల మెవరియొద్ద నుండును? యాపు వ్రాసిన కంట్రాక్టరు తన పేరనే ఖాతా తెఱచి విడుదల చేసినచో, రేపు తగవు వచ్చిననాడు చిన్న తప్పును సైతము దిద్దుకొను హక్కు సంఘమునకుండదు. సొమ్ము సంఘముది, పట్టా పరులది! కావున ఖాతా సంఘము పేరనే తెఱువవలెను. మూలప్రతియు, యాపుపై వేయు ఎలక్ట్రానిక్ ముద్రయు సంఘమున కప్పగించుట యొడంబడికలోనే వ్రాయవలెను. కార్యదర్శి సొంత మెయిలుతో ఖాతా తెఱచుటయు మాకు సమ్మతము కాదు. ఎన్నికలలో ఆయన మారినచో సంకేతపదమునకై ఆయన గడప త్రొక్కవలసి వచ్చును.

మఱియొక మాట. విడుదలకు పూర్వము యాపును కార్యాలయమున కూర్చుండి పరీక్షించి తృప్తిపడరాదు. పాత ఫోనులు గల కొందఱు సభ్యుల కిచ్చి, సిగ్నలందని పొలముగట్లపై తెఱువుమనుడు. కడపట చూచిన పద్దైనను అచట కనబడనిచో, కంట్రాక్టరునకు తుది వాయిదా సొమ్ము చెల్లింపకుడు.