అర్ధరాత్రి రోడ్డు, గడి లేని కూలీ

పాతబస్తీలో పగటిపూట వాహనాలు పాకుతాయి కనుక మదీనా కూడలి నుంచి చార్మినార్, శాలిబండల మీదుగా సాగే దారిలో గుంతలు పూడ్చే కూలీకి బండి గుద్దే ముప్పు కొంత తక్కువే. అయితే వాహనదారులకు ఇబ్బంది కలగరాదని అదే పనిని అర్ధరాత్రికి జరిపినప్పుడు, పగలంతా ఆ కూలీని కాపాడిన రద్దీ కాస్తా తప్పుకొని, ఖాళీ రోడ్డు మీది వేగం అతడికి ఎదురవుతుంది. 2022లో తెరిచిన బహదూర్‌పురా ఫ్లైఓవర్, 2025 జనవరిలో తెరిచిన సుమారు 4 కిలోమీటర్ల ఆరాంఘర్–జూపార్కు ఫ్లైఓవర్ వంటివి దిగే చోట్ల ఆ వేగం తగ్గకుండానే కింది రోడ్డును చేరగలదు.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే డ్రైవరు అడ్డును గుర్తించి బ్రేకు తొక్కడానికి 2.5 సెకన్లు పడుతుందని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కగడుతుంది. ఆలోపే బండి 40 మీటర్లు దాటుతుంది, పూర్తిగా ఆగడానికి మొత్తం 80 మీటర్లు కావాలి. అందుకే ఆ సంస్థ 2014లో సవరించిన ఎస్పీ 55 మార్గదర్శకాలు పని చోటును భాగాలుగా విడదీసి చూస్తాయి: ముందుగా హెచ్చరించే భాగం, కోన్లతో వాహనాలను క్రమంగా పక్కకు మళ్లించే భాగం, పని జరిగే భాగం, తిరిగి మామూలు దారిలో కలిపే భాగం. అసలైన రక్షణ మాత్రం పని జరిగే కూలీలకు ముందు వదిలే బఫర్‌ది, అంటే దారి తప్పిన బండి కూలీని తాకకముందే ఆగగలిగేలా, మనిషిని గానీ సామాను గానీ ఉంచకుండా వదిలిన ఖాళీ జాగాది. మెరిసే జాకెట్టు కూలీని కనిపించేలా చేస్తుందే గాని, నిద్రమత్తులో ఉన్న డ్రైవరును ఆపలేదు. ఇరుకు దారిలో అంత జాగా వదలడం సాధ్యం కాకపోతే, ఆ కొద్ది గంటలు రోడ్డును పూర్తిగా మూయడమే సబబు.

ఇలా బండి గుద్ది చనిపోయే కూలీల లెక్కలోనూ చిత్రమైన లోటు ఉంది. కేంద్ర రవాణా శాఖ ఏటా వెలువరించే రోడ్డు ప్రమాదాల నివేదిక పనులు జరుగుతున్న రోడ్ల మీది ప్రమాదాలను విడిగా చూపుతుంది గాని, మృతులను పాదచారులు, ద్విచక్రవాహనదారులు అంటూ విభజించే పట్టికలో రోడ్డు కూలీకి గడి లేదు. చోటు లెక్కకు ఎక్కుతుంది, అక్కడ పనిచేసే మనిషి మాత్రం బాటసారుల్లో కలిసిపోతాడు. అమెరికాలో కార్మిక శాఖ ఇటువంటి మరణాలను వృత్తి మరణాలుగా నమోదు చేస్తుంది.

బాధ్యత మాటకొస్తే, మోటారు వాహనాల చట్టానికి 2019లో చేరిన 198ఎ సెక్షన్ రోడ్డు భద్రతా ప్రమాణాలను పాటించని కాంట్రాక్టరుకు, ఆ లోపం మరణానికో వైకల్యానికో దారితీస్తే, లక్ష రూపాయల వరకు జరిమానా విధిస్తుంది. ఆ సొమ్ము నేరుగా బాధితుడి ఇంటికి కాక అదే చట్టం కింద ఏర్పాటయ్యే మోటారు వాహన ప్రమాద నిధికి చేరుతుంది. మహాత్మాగాంధీ బస్ స్టేషన్ (ఎంజీబీఎస్) నుంచి చాంద్రాయణగుట్టకు 7.5 కిలోమీటర్ల మెట్రో కోసం రోడ్లు వెడల్పయ్యే కాలంలోనైనా, బారికేడ్లకూ జెండా పట్టే మనిషికీ టెండరులో విడిగా ధర కట్టి, అవి పని చోట కనిపించిన రాత్రులకే బిల్లు చెల్లించాలి.