శాంపిల్ పాసైతే సరిపోతుందా?

జడ్చర్లలోనో జీడిమెట్లలోనో ఒక కంపెనీ 500 మిల్లీగ్రాముల బరువుండే మాత్ర చేస్తోందనుకుందాం. బరువు ఐదు శాతం అటూ ఇటూ ఉండొచ్చు, అంటే హద్దు 475 నుంచి 525. యంత్రం నుంచి 20 మాత్రలు తీసి తూచారు. అన్నీ హద్దులోనే ఉన్నాయి. శాంపిల్ పాసైంది.

మరి తూచని లక్షల మాత్రల సంగతి?

దానికి జవాబు చెప్పే లెక్కే ప్రాసెస్ కేపబిలిటీ. ఒక మాత్రకూ మరో మాత్రకూ మధ్య బరువు సహజంగా ఎంత మారుతుందో ముందు కొలుస్తారు. ఆ కొలతే సిగ్మా. హద్దు వెడల్పును ఆరు సిగ్మాలతో భాగిస్తే వచ్చేది సీపీ. ఇక్కడ సిగ్మా 5 మిల్లీగ్రాములైతే, 50ని 30తో భాగించాలి, 1.67 వస్తుంది. పరిశ్రమలో మామూలుగా అడిగేది 1.33 కాబట్టి ఇది మంచి అంకె.

అసలు చిక్కు సగటు పక్కకు జరిగినప్పుడు వస్తుంది. కంప్రెషన్ మెషిన్ పొడిని తూచి పోయదు, అచ్చు నిండేంత పోస్తుంది. పొడి సాంద్రత పెరిగితే మాత్ర బరువూ పెరుగుతుంది. అలా సగటు 515కు చేరినా సీపీ 1.67 దగ్గరే ఉంటుంది. దగ్గరి హద్దుకు మిగిలిన దూరం 10. దాన్ని మూడు సిగ్మాలతో, అంటే 15తో భాగిస్తే వచ్చే సీపీకే మాత్రం 0.67కు పడిపోతుంది. బరువులు మామూలు గంట ఆకారపు వక్రరేఖలో ఉంటే, లక్షకు రెండు వేలకు పైగా మాత్రలు హద్దు దాటినట్టే. అయినా 20 మాత్రల శాంపిల్ తీసిన ప్రతి వంద సార్లలో సుమారు 63 సార్లు ఒక్క తప్పూ కనబడదు. మందు మింగే మనిషి తరఫున ఆలోచిస్తే ఇది ఆందోళన కలిగించే అంకె.

హద్దులో ఉండటం ఒకటి, హద్దు మధ్యలో ఉండటం మరొకటి. 1980ల తొలినాళ్లలో ఫోర్డ్ కంపెనీకి ఈ తేడా బాగా తెలిసొచ్చింది. ఒకే డిజైన్ గేర్‌బాక్సును ఒహాయోలోని బటావియా ఫ్యాక్టరీలో తనే చేసేది, జపాన్‌లో మాజ్దా చేత కూడా చేయించేది. మాజ్దా గేర్‌బాక్సులకు వారంటీ ఫిర్యాదులు బాగా తక్కువ. విప్పి కొలిస్తే ఫోర్డ్ భాగాలూ హద్దుల్లోనే ఉన్నాయి. మాజ్దా భాగాల కొలతల మధ్య తేడాలు మాత్రం మరీ స్వల్పం.

సీపీకే అంకెతో మోసమూ చేయొచ్చు. యంత్రం బాగా నడిచిన ఒక్క పూట లెక్కలతో గొప్ప సీపీకే చూపించడం తేలికే. ప్రక్రియ నెలల తరబడి నిలకడగా ఉందని, కొలతలను వరుసగా గీసి చూపే కంట్రోల్ చార్టు చూపకపోతే ఆ అంకెకు విలువ లేదు. అమెరికా ఎఫ్‌డీఏ 2011 మార్గదర్శకాలు కూడా ప్రక్రియ సరిగా పనిచేస్తుందని నిరూపించే వ్యాలిడేషన్ ముగిశాక కూడా దాని తీరును గమనిస్తూనే ఉండాలని చెబుతున్నాయి. హైదరాబాద్ నుంచి అమెరికాకు మందులు పంపే కంపెనీలకు ఇది కొత్త సంగతి కాదు.

ఆ శ్రద్ధ మన ఆసుపత్రులకు వెళ్లే మాత్రకూ దక్కాలి. ప్రభుత్వం తరఫున మందులు కొనే సంస్థలు టెండరులో పాస్ సర్టిఫికెట్‌తో పాటు ఏడాది పొడవునా తీసిన సీపీకే లెక్కలనూ, కంట్రోల్ చార్టులనూ తప్పనిసరిగా అడగాలి.