నల్లి బొక్క కొరకు ఇరవై ఏండ్లు



ఈ నెల ఒక సినిమా గురించి వ్రాయుచున్నాము. పెద్దలు కొందరు ఈ పేజీ తిప్పివేయక ముందే మనవి చేసుకొంటాము. సినిమాలు మానండి అని ఇదే శీర్షికలో మేము వ్రాసిన సంగతి మాకు జ్ఞాపకమున్నది, అందులో ఎక్కువ భాగము నేటికీ వెనుకకు తీసుకొనము. అయితే 2023 వేసవిలో ఒక సినిమా తానే మన పల్లెలలోకి నడిచి వచ్చింది. టిక్కెట్టు లేదు, హాలు లేదు. పంచాయతీ ఆఫీసు ముందర తెల్ల తెర కట్టి, జనమును కింద కూర్చుండబెట్టి చూపించినారు. ఆ రాత్రి మా దామరచర్ల వైపు ఒక ఊరిలో మాకు గృహకూడిక ఉండెను. వచ్చినవారు ముగ్గురు ముసలమ్మలు. వారిలో ఒకామె, “అయ్యగారూ, జర జల్దీ ఆమేన్ అనుండ్రి” అన్నది. అన్నాము. తరువాత మేమును వెళ్లి, ఒక ట్రాక్టరు వెనుక నిలుచుండి, చివరి దాకా చూచినాము.

ఆ సినిమా ‘బలగం’. 2023 మార్చి 3న విడుదలయినది. తీసినది వేణు ఎల్దండి గారు, అంతకు ముందు వరకు చిన్న చిన్న హాస్య పాత్రలు వేసిన మనిషి. ఇందులో పెద్ద హీరో లేడు, ఫైటింగులు లేవు. సిరిసిల్ల ప్రాంతపు పల్లెలో కొమురయ్య అను ముసలాయన, ఆయన కొడుకులు, కూతురు, అల్లుడు, మనుమడు, అంతే. అందరూ ఒక్కొక్క తీరు మనుషులే. మనుమడు సాయిలు అప్పుల్లో మునిగి, తన పెండ్లి కట్నముతో తీర్చుకొందామని లెక్క వేసుకొన్న సమయమున తాత చనిపోవును. పిల్లవాని దుఃఖమంతా తాత పోయినందుకు కాదు, నిశ్చితార్థము ఆగిపోయినందుకు. జనము విరగబడి నవ్వినారు. మేమును నవ్వినాము, దాచుట ఎందుకు?

ఇరవై ఏండ్లుగా గడప తొక్కని కూతురు, అల్లుడు చావుకు వస్తారు. ఇన్నేండ్లు ఎందుకు రాలేదు? ఒకనాడు భోజనముల దగ్గర అల్లునికి నల్లి బొక్క వడ్డించలేదు! బావ, బావమరిది మాటా మాటా అనుకొన్నారు. దానికి ఇరవై ఏండ్లు. ఇది సినిమా వారు కల్పించినది అని మీరు అనగలరా? మేము అనలేము. పెండ్లి పందిట్లో మొదటి పంక్తిలో కూర్చుండబెట్టలేదని సంఘము మారిన కుటుంబములను మేము ఎరుగుదుము.

కథలో కాకి ఉన్నది. మూడవ నాడు పెట్టిన కూడు కాకి ముట్టదు, ఐదవ నాడును ముట్టదు. ముసలాయన మనసులో ఏదో మిగిలిపోయినదని ఊరంతా అంటుంది. చివరకు పదకొండవ నాడు బుర్రకథ చెప్పే దంపతులు కొమురమ్మ, మొగిలయ్య గార్లు పాట ఎత్తుకొనగా అన్నదమ్ములు, అక్కచెల్లెలు ఒకరినొకరు పట్టుకొని ఏడ్చినారు. తెర ముందర కూర్చున్నవారును ఏడ్చినారు. వరంగల్ జిల్లా దుగ్గొండి వాడైన ఆ మొగిలయ్య గారు కిడ్నీల జబ్బుతో బాధపడి 2024 డిసెంబరులో కన్నుమూసినారు.

చనిపోయినవారికి పిండము పెట్టుటలో విశ్వాసికి పాలు లేదు. ఇది మీకు తెలిసినదే, దీనిమీద ఇంకొక పేరా వ్రాయము. కాని లూకా సువార్త 12వ అధ్యాయము తెరిచి చూడండి. కాకులను చూడుమని ప్రభువు చెప్పినది ఆ అధ్యాయములోనే. ఆ బోధకు ముందు వచ్చినది ఎవరు? మా అన్న ఆస్తి పంచి ఇచ్చునట్లు చెప్పుమని అడిగిన తమ్ముడు. ఆస్తి తగవు, కాకులు ఒకే అధ్యాయములో ఉన్నవి! ఎన్ని సార్లు ప్రసంగించినా మాకు ఇది కనబడలేదు. ట్రాక్టరు వెనుక నిలుచున్న రాత్రి కనబడినది.

మనకు పిండము లేదు గాని జ్ఞాపకార్థ కూడిక ఉన్నది. షామియానా, మైకు, కార్డు, మాంసము కూర అన్నీ ఉన్నవి. కార్డు మీద ఎవరి పేరు ముందు వేయవలెననే తగవును ఉన్నది.

మా సంఘములో ఇద్దరు అన్నదమ్ములున్నారు. తల్లిని సమాధి చేసిన తరువాత పెద్దవాడు రాయి వేయించి, దానిమీద తన పేరు ఒక్కటే చెక్కించినాడు. తమ్ముడు ఆ రాయి చూచి ఇంటికి పోయి, ఉమ్మడి బోరుకు ఉన్న మోటారు స్టార్టరు డబ్బాకు తాళము వేసినాడు. ఆ కారుకు అన్న వరి ఎండినది. అప్పటి నుండి ఒకరు గుడిలో కుడి ప్రక్క, ఒకరు ఎడమ ప్రక్క. మూడేండ్లు మేము ఆ ఇద్దరికి నెల నెలా ప్రభురాత్రి భోజనపు రొట్టె అందించినాము. ఒక్కసారి అడుగలేదు. అడిగితే ఒక కుటుంబము వేరే సంఘమునకు పోవునేమో అని భయము. కానుకల సంగతి కూడా మనసులో లేదని చెప్పలేము.

సినిమా అయిన తరువాత తమ్ముడు మమ్మును చీకటిలోనే గుర్తుపట్టి, “అయ్యగారూ, ఆళ్లకంటే కాకి ముట్టలేదు, తెలిసొచ్చింది. మనకెట్ల తెలుస్తది?” అన్నాడు. మత్తయి 5వ అధ్యాయములో బలిపీఠము ఎదుట అర్పణ విడిచి, మొదట సహోదరుని యొద్దకు వెళ్లవలెనని ఉన్నది. ఆ మాట మా నోటికి వచ్చినది గాని చెప్పుటకు ముఖము లేకపోయినది.

మరుసటి నెల మొదటి ఆదివారము బల్ల మీది గుడ్డ తీయక ముందే ఆ వచనములు చదివి ఆగినాము. పేరు ఎత్తలేదు. తమ్ముడు లేచి బయటకు నడిచినాడు. పోయింది, ఒక కుటుంబము పోయింది అనుకొన్నాము. ఆ మీదట పెద్దవాడు కండువా భుజము మీద వేసుకొని వెనుకనే వెళ్లినాడు. చింతచెట్టు కింద ఇద్దరి మాటలు కిటికీలో నుండి వినబడుచుండెను, అవి మంచి మాటలు కావు. పిల్లలు ఆకలికి ఏడ్చినారు. ఒక పెద్ద మా దగ్గరకు వచ్చి ఇక కానిద్దామా అన్నాడు, వద్దన్నాము. దాదాపు గంట తరువాత ఇద్దరు వచ్చి ఒకే వరుసలో కూర్చున్నారు. నవ్వుకొనుచు కాదు. తాళపు చెవి మాత్రము పెద్దవాని చేతిలో ఉండెను.

ఇప్పుడు ఆ బోరుతో ఇద్దరి మడులు పారుచున్నవి. సమాధి రాయి మీద రెండవ పేరు చేరినది, కొత్త అక్షరములు పాతవాటికన్నా కొంచెము పెద్దవిగా ఉన్నవి.

అయితే వారికి కోదాడ వైపు ఇచ్చిన ఒక చెల్లెలు ఉన్నది. తల్లి మెడలోని గుండ్లు తనకు రావలెనని ఆమె అడిగిన నాటి నుండి ఆ ఇంటికి పిలుపు లేదు. ఈ నెల తల్లి జ్ఞాపకార్థ కూడిక. కార్డు అచ్చుకు ఇచ్చే ముందు చూడుమని అన్నదమ్ములు కలిసి మాకు తెచ్చి ఇచ్చినారు. ఇద్దరి పేర్లు ప్రక్కప్రక్కన చక్కగా ఉన్నవి. చెల్లెలి పేరు లేదు. చూచి ఇస్తామని చెప్పి ఉంచుకొన్నాము. రేపు ఉదయము మొదటి బస్సుకు ఆ కార్డు పట్టుకొని కోదాడ వెళ్లుచున్నాము. వచ్చిన తరువాతనే అచ్చుకు ఇస్తాము.