ఎనిమిదవ నాడు

సేవ చేయువాని సంతోషము వేరు, సేవ పొందువాని ప్రయోజనము వేరు. ఈ రెండును ఒకటేయని తలచుట యౌవనమునకు సహజము. అమెరికాలోని చర్చి యువజన సంఘములు వేసవి సెలవులలో మెక్సికో, గ్వాటెమాల, హైతీ మొదలగు దేశములకు సాగించు సేవాయాత్రలను పరిశీలించినచో ఈ భేదము తేటపడును.

కళాశాల గడప తొక్కనున్న బాలబాలికలు ఒక వారమో పది దినములో ఒక పేదపల్లెలో విడిది చేయుదురు. ఉదయము బడిగోడలకు రంగు వేయుదురు. మధ్యాహ్నము పిల్లలను చేరదీసి పాటలు పాడింతురు, బైబిలు కథలు చెప్పుదురు, బంతులాట ఆడింతురు. వారి హృదయములు నిర్మలములు. వానిని శంకింప నక్కరలేదు. విచారింపవలసినది వారి కార్యక్రమమును గూర్చి. ఊరిపిల్ల వారి వ్రేలు పట్టుకొని తిరుగుటకు అలవాటుపడునప్పటికి వారి బస్సు బయలుదేరును. మరుసటి వేసవికి మరియొక బృందము వచ్చును. పాటలు అవియే, ముఖములు వేరు.

ఈ సేవను మిక్కిలి నిష్ఠురముగా ప్రశ్నించినవాడు ఇవాన్ ఇలిచ్. ఆయన చర్చికి పరాయివాడు కాడు. ఆనాటికి కాథలిక్కు గురువు, మెక్సికోలోని క్వెర్నవాకాలో విద్యాకేంద్రమును నడపినవాడు. 1968 ఏప్రిల్ 20న చికాగోలో, మెక్సికో పల్లెలకు సేవకై వెళ్ళు విద్యార్థుల సభలో ఆయన ప్రసంగించెను. భాషయే తెలియనివారికి ఊరివారు తమ్ము గూర్చి ఏమనుకొనుచున్నారో కూడ తెలియదని హెచ్చరించెను. ఉపకారులుగా రావలదనియు, చూచుటకు, నేర్చుకొనుటకు రమ్మనియు చెప్పెను.

ఈ మాట కొంత కఠినమే. పరదేశి యువకునితో ఒక మధ్యాహ్నము ఆడి నవ్వుటవలన ఏ బిడ్డకును కీడు కలుగదు. ఆ ఆటనే విద్యయనియు, ఆ పరిచయమునే పోషణయనియు భ్రమించినచో కీడు కలుగును. అనాథాశ్రమములలో ఇది మరింత నిజము. తల్లిదండ్రులకు దూరమైన బిడ్డ మమత పెంచుకొన్నవారు ఒకరి వెంట ఒకరు విడిచిపోవుచుండగా, ఆ మనసు ఎవరిని నమ్మగలదు? అనాథాశ్రమములలోని స్వచ్ఛందసేవా కార్యక్రమములవలన కలుగు హానిని నివారింపవలెనని 2019లో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ బాలల హక్కుల తీర్మానమున పేర్కొన్నది.

మంచి మార్గమునకు దృష్టాంతము చర్చి చరిత్రలోనే కలదు. 1780లో ఇంగ్లండునందలి గ్లౌస్టరు పట్టణమున రాబర్టు రైక్సు అను పత్రికాధిపతి పేదపిల్లలకు ఆదివారపు బడి పెట్టించెను. తక్కిన దినములలో కూలిపని చేయు ఆ పిల్లలకు అక్షరములు నేర్పుటకై ఆ ఊరి స్త్రీలనే జీతమిచ్చి నియమించెను. ఆ బడికి బలము ఆదివారము ప్రతివారమును మరల వచ్చుటయే. నేర్పినవారు ఆ వీధిలోనే ఉండుటయే.

ఈ విచారము మన విద్యార్థులకును దూరమైనది కాదు. 1969లో ప్రారంభమైన జాతీయ సేవా పథకము క్రింద మన కళాశాలల వారును దత్తగ్రామములలో 7 దినముల శిబిరములు నడుపుచున్నారు. బయలుదేరుటకు ముందు ఉపాధ్యాయుడు తన శిష్యులను ఒక్క ప్రశ్న అడుగవలెను: ఎనిమిదవ నాడు ఆ పిల్లలకు ఏమి మిగులును?

ఆ ప్రశ్నకు సమాధానము వెదకువారు మొదట ఆ ఊరి పంతులుగారిని కలిసికొందురు. ఆయన ఏ పాఠమునకు తోడు కోరునో ఆ పాఠమునకే తోడ్పడుదురు. పిల్లల పేర్లు నేర్చుకొందురు. తీర్చలేని మాట ఇయ్యరు. చినిగిన చొక్కా తొడిగిన బిడ్డను ప్రక్కన నిలుపుకొని ఛాయాచిత్రము తీయించుకొనరు. మరుసటి ఏడు క్రొత్త పల్లెను వెదకక, ఆ పల్లెకే మరల పోవుదురు. అప్పుడు పిల్లలు వారిని గుర్తుపట్టుదురు. పేరుపెట్టి పిలుచుకొను ఆ చనువు ఏర్పడిన పిమ్మట, సేవ ఎవరు ఎవరికి చేయుచున్నారను లెక్క ఉభయులును మరచిపోవుదురు.