బ్రూస్‌లీని మించిన అద్దె ఇంటి కథ

బ్రూస్‌లీ అంటే మన వయసోళ్లందరికీ పిచ్చే కదా. కానీ ఒక సంగతి చూడండి. హాంకాంగ్ జనం మాట్లాడేది కాంటనీస్, బ్రూస్‌లీ ‘ది బిగ్ బాస్’ వచ్చింది మాత్రం మాండరిన్‌లో. పెద్ద కంపెనీలన్నీ అప్పుడు ఆ భాష వైపే. ఒకప్పుడు వందల సినిమాలు తీసిన కాంటనీస్‌లో 1972లో ఒక్కటీ రాలేదు. ఇక అయిపోయింది అనుకున్నారు.

1973లో ‘ది హౌస్ ఆఫ్ 72 టెనెంట్స్’ వచ్చింది. ఒకే ఇంట్లో కిక్కిరిసి అద్దెకుండే పేదోళ్లు, వాళ్లని పీడించే ఇంటావిడ. అంతే కథ. హాంకాంగ్‌లో ఆ ఏడాది ‘ఎంటర్ ది డ్రాగన్’ కంటే దానికే ఎక్కువ డబ్బులొచ్చాయి! అద్దె బాధ ఏంటో కౌలు కట్టేవాడికి వేరే చెప్పాలా?

ఆ దారిలోనే మైకేల్ హుయ్ కామెడీలు, తర్వాత జాకీచాన్, స్టీఫెన్ చౌ సినిమాలు ఆడాయి.

ఇప్పుడు మళ్లీ చైనా మార్కెట్ పెద్దదని చాలామంది మాండరిన్ బాట పట్టారు. తప్పని నేననను, పెట్టుబడి రావాలిగా. కానీ 2024లో చావు పనులు చేసేవాళ్ల మీద కాంటనీస్‌లో తీసిన ‘ది లాస్ట్ డాన్స్’ హాంకాంగ్‌లో రికార్డు కొట్టింది. అందులోనూ ఆ మైకేల్ హుయ్యే ఉన్నాడు, ముసలాడై.

నా మాట ఒకటే. భాషని నిలబెట్టేది ఫైట్లు కాదు. మన కష్టం మన మాటలో వినబడితే జనం వాళ్లే వస్తారు. మీరేమంటారు?